గడ్డి నుంచి ఇంధనం: కష్టమంతా ముందు పనిలోనే

హర్యానాలోని పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ సంస్థవారి చమురుశుద్ధి కర్మాగారం దగ్గరే ఇంకో కర్మాగారం ఉంది. 2022 ఆగస్టు 10న, ప్రపంచ జీవ ఇంధన దినోత్సవం నాడు, ప్రధానమంత్రి దాన్ని జాతికి అంకితం చేశారు. 900 కోట్ల రూపాయలకు పైగా పెట్టి కట్టిన ఆ కర్మాగారానికి ముడిసరుకు వరిగడ్డి. ఏడాదికి 2 లక్షల టన్నుల గడ్డి తీసుకుని 3 కోట్ల లీటర్ల ఇథనాల్ ఇవ్వడం దాని లక్ష్యం. అంటే టన్ను గడ్డికి 150 లీటర్లు. కోతలయ్యాక పొలంలోనే తగలబెట్టేస్తున్న గడ్డి మోటారు బండ్లలో పోసుకునే ఇంధనం అవుతుందంటే ఎవరికైనా ఉత్సాహం కలుగుతుంది.

ఆ ఉత్సాహం న్యాయమైనదే. అయితే గడ్డికీ ఇంధనానికీ నడుమ ఎంత దూరం ఉందో, ఆ దారిలో కష్టమైన భాగం ఎక్కడుందో తెలుసుకోకపోతే అది తొందరగానే నీరుగారిపోతుంది. చక్కెరను పులియబెట్టి ఆల్కహాల్ చేయడం మనిషికి వేల ఏళ్లుగా తెలిసిన విద్య. గడ్డిలో బిగుసుకుని ఉన్న చక్కెరను బయటికి రప్పించడం మాత్రం ఇవాళ్టికీ కష్టమే. పొలంలో గడ్డిని పోగు చేయడం, ఆరబెట్టడం, వాన తగలకుండా దాచడం, మట్టి వదిలించడం, ముక్కలు చేయడం, ఆవిరితోనో ఆమ్లంతోనో దాని బిగువు సడలించడం, ఇదంతా పులియబెట్టడానికి ముందు జరగవలసిన పని. గడ్డి కర్మాగారాల గెలుపోటములు చాలావరకు ఈ ముందు పనిలోనే తేలిపోతున్నాయి. ఈ పని విలువ మనం గుర్తించాలనీ, అందులో సగం పల్లెలో జరిగేదే కాబట్టి దాని ఫలితం కూడా పల్లెకు దక్కాలనీ చెప్పడానికే ఇవాళ మీ ముందుకు వచ్చాను.

ముందుగా, గడ్డిలో ఏముందో చూద్దాం.

అన్నం మెతుకులోనూ గడ్డిపరకలోనూ ఉన్నది ప్రధానంగా ఒకే చక్కెర. దాని పేరు గ్లూకోజ్. మెతుకులో గ్లూకోజ్ అణువులు పిండిపదార్థంగా కూడి ఉంటాయి. నోట్లో వేసుకుని నమిలితే చాలు, లాలాజలమే వాటిని విడగొట్టడం మొదలుపెడుతుంది. గడ్డిలో అవే అణువులు మరో తీరున ముడిపడి సెల్యులోజ్ అనే పొడవాటి గొలుసులవుతాయి. ఆ గొలుసులు పక్కపక్కన ఒత్తుగా చేరి, నీరు కూడా లోపలికి దూరలేనంత బిగువైన పోగులుగా ఏర్పడతాయి. ఆ ముడి విప్పే ఎంజైములు మన ఒంట్లో లేవు. ఆ మాటకొస్తే ఆవు ఒంట్లోనూ గేదె ఒంట్లోనూ లేవు. వాటి పొట్టలో కాపురముండే సూక్ష్మజీవులు ఆ పని చేసిపెడతాయి. వాటికి కూడా గడ్డి మెత్తగా నలిగితేనే పని సులువవుతుంది. పశువు గంటల తరబడి నెమరు వేసేది అందుకే.

వరిగడ్డి ఎండు బరువులో మూడో వంతుకు పైగా సెల్యులోజ్ ఉంటుంది. ఇంచుమించు నాలుగో వంతు హెమిసెల్యులోజ్. ఇందులో జైలోజ్ అనే మరో రకం చక్కెర ఎక్కువ. పది శాతానికి పైగా లిగ్నిన్ ఉంటుంది. లిగ్నిన్‌లో చక్కెరే లేదు, అది చెట్టుకు కట్టెతనాన్నిచ్చే పదార్థం. ఇంటి శ్లాబును ఒకసారి తలచుకోండి. సెల్యులోజ్ పోగులు లోపలి ఇనుపచువ్వలు, హెమిసెల్యులోజ్ ఆ చువ్వలను కట్టి ఉంచే తీగ, లిగ్నిన్ వాటి మీద పోసిన కాంక్రీటు. మనకు కావలసినది చువ్వలు. వాటిని వంకర పోకుండా, తుప్పు పట్టకుండా, కాంక్రీటు పగలగొట్టి బయటికి తీయాలి. గాలికి విరగకుండా, వానకు కుళ్లకుండా, పురుగుకు లొంగకుండా నిలబడటానికి మొక్క కోట్ల ఏళ్లలో సాధించుకున్న నిర్మాణాన్ని మనం కొద్ది గంటల్లో విప్పాలనుకుంటున్నాం. ఏ శుద్ధీ చేయని గడ్డి మీద నేరుగా ఎంజైములు పోస్తే అందులోని సెల్యులోజ్‌లో ఐదో వంతు కూడా చక్కెరగా మారడం అరుదు. చక్కగా శుద్ధి చేస్తే నూటికి 80 పాళ్ల దాకా, ఒక్కోసారి అంతకు మించి కూడా మారుతుంది. ఈ తేడా అంతా ముందు పని పుణ్యమే.

ఈ ప్రయత్నం కొత్తది కాదు. 1819లో ఆన్రీ బ్రకోనో అనే ఫ్రెంచి రసాయనవేత్త పాత నారగుడ్డల పీలికలను గాఢ గంధకామ్లంలో కరిగించి వాటి నుంచి చక్కెర తీసి చూపించాడు. 1838లో ఆ దేశంలోనే ఆన్సెల్మ్ పాయెన్ మొక్కల గోడల్లోని ఈ పదార్థాన్ని విడదీసి గుర్తించాడు. సెల్యులోజ్ అన్న పేరు అప్పటి నుంచే వాడుకలోకి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలుకు కటకటలాడిన జర్మనీ కలపను ఆమ్లంతో ఉడికించి చక్కెర, ఆల్కహాల్ తయారుచేసింది. యుద్ధం ముగిసి చమురు చవకగా దొరకడం మొదలయ్యాక ఆ పద్ధతుల గిరాకీ తగ్గిపోయింది.

అదే యుద్ధంలో మరో చోట మరో సంగతి జరిగింది. పసిఫిక్ మహాసముద్రంలోని సాలమన్ దీవుల్లో మకాం వేసిన అమెరికన్ సైనికుల నూలు డేరాలు, బట్టలు ఆ తేమలో చివికిపోసాగాయి. ఎందుకలా అవుతోందని వెతికిన శాస్త్రవేత్తలకు ఆ గుడ్డల మీద ఒక బూజు దొరికింది. అది సెల్యులోజ్‌ను కరిగించే ఎంజైములను విపరీతంగా స్రవిస్తోంది. గుడ్డను బూజు నుంచి కాపాడటానికి మొదలైన పరిశోధన, ఆ బూజునే పనిలో పెట్టుకునే పరిశోధనగా మారింది. మాసచూసెట్స్‌లోని నాటిక్ సైనిక ప్రయోగశాలలో ఎల్విన్ రీస్, మేరీ మాండెల్స్ ఏళ్ల తరబడి దాని మీద పనిచేశారు. రీస్ పేరు మీదనే దానికి ట్రైకోడెర్మా రీసీ అని పేరు పెట్టారు. నేడు గడ్డి కర్మాగారాల్లో వాడే ఎంజైముల్లో చాలా భాగం ఆ బూజు వంశం నుంచే వస్తోంది. అయితే అది గుడ్డను తిన్నంత తేలిగ్గా గడ్డిని తినలేదు. నూలు గుడ్డ దాదాపు శుద్ధమైన సెల్యులోజ్. గడ్డిలో ముందు లిగ్నిన్ అడ్డు తొలగాలి.

ఇప్పుడు ముందు పని గురించి మెట్టు మెట్టుగా చెబుతాను. మొదటి మెట్టు కర్మాగారంలో లేదు, పొలంలో ఉంది.

పానిపట్ చుట్టుపక్కల వరి కోసిన తరువాత గోధుమ విత్తడానికి రైతుకు దొరికే వ్యవధి రెండు మూడు వారాలే. గడ్డినంతా ఆ కొద్ది రోజుల్లోనే ఎత్తాలి. కర్మాగారమేమో ఏడాది పొడవునా నడవాలి. 2 లక్షల టన్నులను 300 రోజులకు పంచితే రోజుకు 600 టన్నుల పైమాట. కాబట్టి కొద్ది వారాల్లో చేతికొచ్చిన సరుకును నెలల తరబడి దాచాలి. గడ్డి బరువైన సరుకు కాదు, జాగా ఆక్రమించే సరుకు. వదులుగా ఉన్న గడ్డి ఘనమీటరుకు 40, 50 కిలోలకు మించి తూగదు. లారీ నిండిపోతుంది, బరువు మాత్రం సగం కూడా ఉండదు. యంత్రంతో అదిమి కట్టలు కడితే రెండు మూడింతలు చిక్కబడుతుంది. కట్టలు కట్టే యంత్రం, దాన్ని లాగే ట్రాక్టరు, మోసే కూలీ, లారీ కిరాయి, షెడ్డు అద్దె అన్నీ కలిపితే, ఊరికే పడి ఉందనుకున్న గడ్డి ఊరికే రాదని తెలుస్తుంది.

రెండోది తేమ. పూర్తిగా ఆరని గడ్డిని వామి వేస్తే లోపల వేడెక్కుతుందని మన రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తేమ నూటికి 20 పాళ్లు దాటిన కట్టల్లో సూక్ష్మజీవులు విజృంభించి చక్కెరను అవే తినేస్తాయి. ఆ వేడి పెరిగి పెరిగి తనంతట తానే నిప్పంటుకోవడమూ ఉంది. వేల టన్నుల కట్టలు ఒకేచోట పేర్చిన గోదాముకు ఇంతకంటే పెద్ద ప్రమాదం లేదు.

మూడోది మట్టి, బూడిద. దీన్ని చాలామంది పట్టించుకోరు. కట్టె కాల్చితే ఒక శాతం అటూ ఇటూగా బూడిద మిగులుతుంది. వరిగడ్డి కాల్చితే ఒక్కోసారి 15 శాతం పైన మిగులుతుంది. అందులో అధికభాగం ఇసుకలో ఉండే సిలికాయే. వరి మొక్క నీటితో పాటు సిలికాను పీల్చుకుని ఆకుల్లో, కాండంలో దాచుకుంటుంది. ఆకు అంచు చేతిని కోసేది అందుకే. ఆ సిలికా ముక్కలు చేసే యంత్రాల కత్తులను అరగదీస్తుంది. దానికి తోడు నేల మీద పడిన గడ్డిని యంత్రం ఊడ్చినప్పుడు పొలం మట్టి, చిన్న రాళ్లు కూడా కట్టలోకి చేరతాయి. కర్మాగారంలోని స్క్రూలు, పైపులు, వాల్వులు అరిగిపోయేది వీటివల్లే.

గడ్డిని కాల్చి కరెంటు తీసే చోట పొటాషియం, క్లోరిన్‌తో వేరే ఇబ్బంది ఉంది. బాయిలరులో అవి కరిగి గొట్టాలకు అంటుకుని గట్టిపడతాయి, లోహాన్ని తినేస్తాయి. డెన్మార్క్‌లో గడ్డితో నడిచే విద్యుత్ కేంద్రాలవారు ఒక సంగతి గమనించారు. కోశాక పొలంలో కొన్నాళ్లు వానకు తడిసి, తిరిగి ఆరి, బూడిదరంగుకు తిరిగిన గడ్డి బాయిలరుకు మేలు చేస్తోంది. వాన ఆ లవణాలను కడిగేయడమే కారణం. కంటికి నిగనిగలాడే పచ్చని గడ్డి కన్నా వెలిసిపోయిన గడ్డి ఆ పనికి నయమన్నమాట. అందుకే ముడిసరుకు నాణ్యతకు అన్ని చోట్లా ఒకే కొలబద్ద లేదు. పశువుకు మేలైనది బాయిలరుకు మేలైనది కాకపోవచ్చు. ఎందుకు వాడతామో తెలిశాకే ఎలా సిద్ధం చేయాలో తేల్చుకోవాలి.

ఇక కర్మాగారం లోపలికి వెళదాం. కట్టలు విప్పి, రాళ్లు, ఇనుపముక్కలు ఏరి, గడ్డిని అంగుళమంత ముక్కలుగా నరుకుతారు. ఇంకా మెత్తగా పొడి చేస్తే ఎంజైములకు ఇంకా తేలిక కదా అనిపిస్తుంది. నిజమే, కానీ పొడి మెత్తనయ్యే కొద్దీ కరెంటు ఖర్చు ఎగబాకుతుంది. ఇంధనం తయారుచేయడానికి అంత ఇంధనం ఖర్చు చేయడం తగదు. కాబట్టి నరకడం కొంత, రసాయనం కొంత.

ఆ రసాయన శుద్ధిలో పేరున్న దారులు కొన్ని చెబుతాను. ఒకటి సజల ఆమ్లం. నీటిలో ఒక శాతం అటూ ఇటూగా గంధకామ్లం కలిపి, 150 నుంచి 190 డిగ్రీల వేడిలో కొద్ది నిమిషాలు గడ్డిని ఉడికిస్తారు. హెమిసెల్యులోజ్ కరిగి జైలోజ్‌గా నీటిలోకి దిగుతుంది, సెల్యులోజ్ చుట్టూ సందులు ఏర్పడతాయి. రెండోది ఆవిరి. గడ్డిని గట్టి పాత్రలో పెట్టి, 200 డిగ్రీల ప్రాంతంలో అధిక పీడనంతో ఆవిరి పట్టించి, చటుక్కున మూత తెరుస్తారు. పీడనం ఒక్కసారిగా పడిపోయేసరికి పోగుల్లో దూరిన నీరు ఆవిరై ఉబికి, గడ్డి చీలికలు పీలికలవుతుంది. ఈ పద్ధతిని 1920లలో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో విలియం మేసన్ చెక్కముక్కల మీద ప్రయోగించి, ఆ గుజ్జుతో గట్టి అట్టలు చేశాడు. అప్పుడు చెక్క అట్టల కోసం పుట్టిన విద్య ఇప్పుడు ఇంధనానికి అక్కరకొస్తోంది.

మూడోది అమ్మోనియా. వేడిలో, పీడనంలో అమ్మోనియాను గడ్డికి పట్టించి వదిలే పద్ధతి మీద అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలుగా పరిశోధన సాగింది. ఈ మాట విన్న పాడిరైతులకు ఒకటి గుర్తు రావాలి. నూరు కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను నీటిలో కలిపి చల్లి, తొక్కి, గాలి చొరబడకుండా కప్పి, మూడు వారాలు మాగబెట్టి పశువులకు మేపమని పశువైద్యులు చెబుతూ వచ్చారు. అక్కడ జరిగేదీ ఇదే రసాయనం. యూరియా నుంచి పుట్టిన అమ్మోనియా పోగులను వాచేలా చేసి, లిగ్నిన్ పట్టును సడలిస్తుంది. గడ్డి మెత్తబడుతుంది, పశువు ఎక్కువ తింటుంది, ఎక్కువ అరిగించుకుంటుంది. కర్మాగారం నిమిషాల్లో చేసేదాన్ని పల్లె మూడు వారాల్లో, నిప్పు అవసరం లేకుండా చేస్తోంది. ఈ శాస్త్రం మన పశువుల పాకల్లో ఇప్పటికే ఉంది.

నాలుగో దారి అస్సాంలో చూడవచ్చు. గోలాఘాట్ జిల్లా నుమాలీగఢ్‌లో వెదురు నుంచి ఇథనాల్ తీసే కర్మాగారాన్ని 2025 సెప్టెంబరులో ప్రధానమంత్రి ప్రారంభించారు. ఏటా 5 లక్షల టన్నుల పచ్చి వెదురు వాడేలా దాన్ని కట్టారు. ఫిన్లాండ్ సాంకేతికతతో, ఫార్మిక్ ఆమ్లం సాయంతో వెదురును విడదీసే విధానం అది. ఇథనాల్‌తో పాటు ఫర్‌ఫ్యురాల్, అసిటిక్ ఆమ్లం కూడా అక్కడి సరుకులే.

ఫర్‌ఫ్యురాల్ కథ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. శుద్ధి తక్కువైతే గడ్డి విడదు. ఎక్కువైతే విడివడిన జైలోజ్ ఇంకా ఉడికి ఫర్‌ఫ్యురాల్‌గా మారుతుంది. అది చక్కెరను పులియబెట్టే ఈస్టుకు విషం. లిగ్నిన్ ముక్కలు, అసిటిక్ ఆమ్లం కూడా తోడైతే ఈస్టు నీరసించి పులియబెట్టడమే ఆపేస్తుంది. కొన్ని డిగ్రీల వేడి, కొన్ని నిమిషాల సమయం అటూ ఇటూ అయితే చాలు, వచ్చిన చక్కెర చేజారిపోతుంది. ఆ ఫర్‌ఫ్యురాల్‌నే కోరి తయారుచేస్తే అది విలువైన రసాయనం. 1922లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో క్వేకర్ ఓట్స్ కంపెనీ, తన మిల్లులో గుట్టలు పడిన ఓట్స్ పొట్టు నుంచి ఫర్‌ఫ్యురాల్ తీసి అమ్మడం మొదలుపెట్టింది. చమురుశుద్ధిలో, రెసిన్ల తయారీలో దానికి నేటికీ గిరాకీ ఉంది. లిగ్నిన్‌దీ అంతే. ఎక్కువ చోట్ల దాన్ని బాయిలరులో కాల్చి కర్మాగారానికి ఆవిరి, కరెంటు తీస్తారు. నార్వేలోని బోరెగార్డ్ సంస్థ మాత్రం స్ప్రూస్ చెక్కలో చక్కెరలను 1938 నుంచీ ఇథనాల్‌గా మారుస్తూ, 1962 నుంచి లిగ్నిన్‌తో వెనిల్లా సువాసననిచ్చే వెనిలిన్ తయారుచేస్తోంది. మొక్కలోని మూడు భాగాలనూ శుభ్రంగా విడదీయగలిగితే మూడింటికీ ధర పలుకుతుంది. కలగాపులగమైతే ఒక్కదానికీ పలకదు.

ప్రతి వ్యర్థానికీ శుద్ధి ఇంత కష్టంగా ఉండాలా? అక్కర్లేదు. హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో రోజూ పోగయ్యే వ్యర్థాల నుంచి బయోగ్యాస్, దాంతో కరెంటు తీస్తున్నారు. భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, మన ఐఐసీటీ, సాంకేతికత అది. రోజుకు 10 టన్నుల వ్యర్థాలకు 500 యూనిట్ల దాకా కరెంటు వస్తుందని లెక్క. అక్కడ చేసే ముందు పని ముక్కలు చేయడం, రుబ్బడం, అంతే. టమాటాలోనూ క్యాబేజీలోనూ లిగ్నిన్ స్వల్పం, నీరు పుష్కలం. సూక్ష్మజీవులు వాటిని నేరుగా తినేయగలవు. అదే యంత్రంలో పత్తికట్టె వేస్తే నెలలు గడిచినా కట్టె కట్టెలానే ఉంటుంది. ఏ ఊరికి ఏ యంత్రం తగునన్నది ఆ ఊళ్లో మిగిలే వ్యర్థం స్వభావాన్ని బట్టే నిర్ణయించాలి.

ఇక విదేశాల్లో కొన్ని పెద్ద కర్మాగారాల అనుభవం వినండి. అమెరికాలో 2014, 2015 సంవత్సరాల్లో కాన్సాస్, అయోవా రాష్ట్రాల్లో మొక్కజొన్న చొప్ప వంటి వాటి నుంచి ఇథనాల్ తీసే మూడు భారీ కర్మాగారాలు ఆర్భాటంగా తెరుచుకున్నాయి. 2019 చివరికల్లా మూడూ ఆగిపోయాయి. రొమేనియాలోని పొదారిలో 2021లో సిద్ధమైన గోధుమగడ్డి కర్మాగారం 2023లో మూతపడింది. ఒక్కొక్కదానికీ తనవైన కారణాలున్నాయి. అప్పులు, కంపెనీల విలీనాలు, ప్రభుత్వ విధానాలు, చమురు ధరలు అందులో భాగమే. కానీ ఆ రంగంలో పనిచేసినవారు పదే పదే చెప్పిన మాట ఇంకొకటుంది. గడ్డి యంత్రాల్లోకి సాఫీగా పోలేదు. ఇరుక్కుంది, ముద్ద కట్టింది, మట్టితో యంత్రాలను అరగదీసింది. అయోవాలోని ఒక కర్మాగారం, 2014లో తెరిచాక, పూర్వశుద్ధి యంత్రాలను నమ్మకంగా నడపగలుగుతున్నామని ప్రకటించడానికి మూడేళ్లు పట్టింది.

దీనికి ముందే హెచ్చరిక లేకపోలేదు. 1980లలోనే అమెరికాలోని ర్యాండ్ సంస్థ ఒక అధ్యయనంలో తేల్చింది. ఘనపదార్థాలను ముడిసరుకుగా తీసుకునే కొత్త కర్మాగారాలు, ద్రవాలతో, వాయువులతో నడిచేవాటికన్నా బాగా తక్కువ సామర్థ్యంతో పనిచేస్తున్నాయని. చమురు పైపులో పారుతుంది. దాని గుణం ఇవాళా రేపూ ఇంచుమించు ఒకటే. గడ్డి పారదు. ఒక రైతు పొలం గడ్డికీ పక్క రైతు పొలం గడ్డికీ, ఈ నెల కట్టకూ వచ్చే నెల కట్టకూ పోలిక ఉండదు. ఈ పాఠం నేర్చుకునే అమెరికా ఇంధనశాఖ 2016లో తన జాతీయ ప్రయోగశాలలను కలిపి, ముడిసరుకు కర్మాగారంలోకి చేరే ఆ గడప దగ్గరి సమస్యల మీదే పనిచేసే బృందాన్ని ఏర్పాటు చేసింది.

ఇప్పుడు మన సంగతి. తెలుగు రాష్ట్రాల్లో వానాకాలం, యాసంగి, సార్వా, దాళ్వా అంటూ రెండు కార్లు వరి పండుతుంది. చేత్తో కోసినన్నాళ్లు గడ్డి కట్టలుగా ఇంటికి చేరేది, వామి అయ్యేది, పశువు తినేది. హార్వెస్టరు వచ్చాక గడ్డి చేనంతా చెల్లాచెదురవుతోంది, కొయ్యకాళ్లు నిలిచిపోతున్నాయి. ఇంట్లో పశువులు తగ్గాయి. తరువాతి పంటకు తొందర. అగ్గిపెట్టడం అలవాటైపోతోంది. పత్తిచేలలో కట్టెదీ అదే కథ. గులాబీరంగు పురుగు తరువాతి పంటకు పాకకుండా కట్టెను చేలో ఉంచవద్దని శాస్త్రవేత్తలు చెబుతారు. తీసినదాన్ని ఏం చేయాలో తెలియక కాల్చేస్తారు. ప్రకాశం జిల్లా కనిగిరి ప్రాంతంలో 2025 ఏప్రిల్‌లో బయోగ్యాస్ కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. ఇలాంటివి ఇంకా వస్తాయి. రావాలి కూడా.

వచ్చినప్పుడు కొన్ని విషయాల్లో మనం పట్టుదలగా ఉండాలని నా విన్నపం.

మొదటిది వరస. పశువు మేత ముందు, నేల ఆకలి తరువాత, ఇంధనం ఆ పైన. టన్ను వరిగడ్డిలో 5 నుంచి 8 కిలోల నత్రజని, 14 నుంచి 20 కిలోల పొటాష్ ఉంటాయి. గడ్డి పొలం దాటిపోతే అవీ పోతాయి. కర్మాగారంలో మిగిలే బూడిదలో, నీటిలో ఉన్న ఆ పోషకాలను తగిన శుద్ధి చేసి పొలానికి తిరిగిచ్చే ఏర్పాటు ఒప్పందంలోనే ఉండాలి. కొంత గడ్డిని ఎప్పుడూ నేలలోనే కలిపేయాలి.

రెండోది కొలత. ధాన్యం కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ నిబంధన తెలియని రైతు లేడు. గడ్డికి కూడా అటువంటి తేటతెల్లమైన కొలతలు కావాలి. తేమ ఎంత, మట్టి ఎంత, కట్ట బరువెంత అన్నవి రైతు ఎదుటే తేల్చి, ఆరిన శుభ్రమైన గడ్డికి ఎక్కువ ధర కట్టాలి. ఎలా ఇచ్చినా ఒకటే ధర అయితే మట్టి దులపడానికి ఎవరు పూనుకుంటారు? ఆ మట్టి ఖర్చు కర్మాగారం కత్తుల అరుగుదలలో పదింతలై తేలుతుంది.

మూడోది, ముందు పనిని పల్లెకు దగ్గరగా పెట్టడం. కట్టలు కట్టడం, ఆరబెట్టడం, దాచడం, ముక్కలు చేయడం, అదిమి గుళికలు చేయడం, వీటికి భారీ కర్మాగారం అక్కర్లేదు. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, మహిళా స్వయం సహాయక సంఘాలు నాలుగైదు ఊళ్లకు ఒక షెడ్డు వేసుకుని చేయగల పనులివి. వదులు గడ్డిని లారీకెత్తి వంద కిలోమీటర్లు పంపడం కన్నా, చిక్కబరచి, ఆరబెట్టి, తూకం ఖాయం చేసి పంపితే రవాణా ఖర్చు తగ్గుతుంది, సరుకు ధర పెరుగుతుంది, పెరిగిన ధర ఊళ్లో మిగులుతుంది. 2019లో కేంద్ర ప్రభుత్వం ప్రధానమంత్రి జీ-వన్ యోజన పేరుతో ఇలాంటి ఇథనాల్ కర్మాగారాలకు 1,969 కోట్ల రూపాయల పైచిలుకు కేటాయించింది. కర్మాగారానికి అందే సాయంలో తగిన వాటా ఈ షెడ్లకూ, గడ్డి కట్టే యంత్రాలకూ అందితేనే ఆ కర్మాగారమూ నిలబడుతుంది.

రసాయనశాస్త్రం చదివే విద్యార్థులకూ ఒక మాట. కొత్త ఎంజైమ్ కనిపెట్టడం గొప్ప పని. ఈస్టుకు జైలోజ్‌ను కూడా తినడం నేర్పిన జన్యుశాస్త్రం గొప్పది. వాటితో సమానంగా, మన వరి రకాల గడ్డిలో సిలికా ఎంతో, మన ఎండల్లో ఎన్ని రోజుల్లో ఆరుతుందో, తుపాను కాలంలో కోస్తాలో కట్టలను ఎలా కాపాడాలో, పత్తికట్టెను తక్కువ కరెంటుతో ఎలా చీల్చాలో తేల్చే పరిశోధన కూడా గొప్పదే. అయోవా చొప్ప మీద చేసిన లెక్క గోదావరి గడ్డికి సరిపోదు. ఈ లెక్కలు మనమే కట్టుకోవాలి.

మీ ప్రాంతంలో గడ్డి నుంచి ఇంధనం తీసే కర్మాగారం వస్తుందని ఎవరైనా చెబితే, అది ఎన్ని లీటర్లు తీస్తుందని మాత్రమే అడగకండి. గడ్డి ఎంత దూరం నుంచి వస్తుంది, వానల్లో ఎక్కడ దాస్తారు, తేమా మట్టీ ఎవరు కొలుస్తారు, శుభ్రంగా ఇచ్చిన రైతుకు ఎంత ఎక్కువ ఇస్తారు, నేలకు తిరిగి ఏమిస్తారు అని అడగండి. వీటికి సమాధానం కాగితం మీద ఉన్న కర్మాగారం చాలాకాలం నడుస్తుంది. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు రైతు సంఘాలు ఆ కాగితం చూపించమని పట్టుబట్టాలి.